మూడో అంతస్తు మందు

ఆయాసం ఉన్నవాళ్ళ కోసం మా ఊళ్ళో పెట్టిన పరిశోధనా కేంద్రం మూడో అంతస్తులో ఉంది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. పెద్దపెద్దవాళ్ళు కూర్చుని, బాగా ఆలోచించి, పైన గాలి శుభ్రంగా ఉంటుందని తేల్చి మరీ అక్కడ పెట్టారు. కింది అంతస్తు ఖాళీగా ఉంచితే బాగుండదని దాన్ని క్రీడాకారుల వైద్య విభాగానికి ఇచ్చారు. పరుగుపందేల కుర్రాళ్ళు, బరువులెత్తే పహిల్వాన్లు గుమ్మంలోంచి సరాసరి డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళిపోతారు. ఊపిరాడనివాళ్ళు మాత్రం మెట్లెక్కాలి.

లిఫ్టు లేదా అంటారేమో. ఎందుకు లేదూ, ఉంది. పాతకాలం జాలీ తలుపుల లిఫ్టు. 'మరమ్మతులో ఉన్నది' అని దానికి బోర్డు కూడా ఉంది. ఆ బోర్డు రంగు వెలిసిపోతే మధ్యలో ఓసారి కొత్తది రాయించారు. లిఫ్టుకి ఆ భాగ్యం ఇంకా కలగలేదు. పక్కనే స్టూలు మీద లిఫ్టు ఆపరేటరు గంగరాజు కూర్చుని ఉంటాడు. ఆగిపోయింది లిఫ్టు గానీ ఆయన ఉద్యోగం కాదు కదా.

నా పేరు వాసంశెట్టి అబ్బులు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్ళు బస్సు వెనకాల పొగ పీల్చి, అది చాలదన్నట్టు డిపోలో బీడీలు కాల్చి, ఆఖరికి పెరట్లోంచి వీధిలోకి నడిస్తే గుమ్మం పట్టుకుని నిలబడే స్థితికి వచ్చాను. ఇది ఊపిరితిత్తుల జబ్బని, సీఓపీడీ అంటారని, పూర్తిగా పోదుగానీ అదుపులో పెట్టుకోవచ్చని మా ఊరి డాక్టరు చెప్పాడు.

అదుపు మాట అలా ఉంచండి. నాకు కావలసింది ఒక్క కూత.

మా అమ్మోరి తీర్థంలో ఏటా ముసలాళ్ళ చెడుగుడు జరుగుతుంది. పడమటి వీధి ఒక జట్టు, తూర్పు వీధి ఒక జట్టు. వయసులో నేను కూతకెళ్తే పడమటి వీధి ఆడవాళ్ళు అరుగులెక్కి చూసేవాళ్ళు. అలాంటిది పోయినేడు గీత దాటి అవతలికి వెళ్ళానో లేదో, కూత మధ్యలో తెగిపోయి దగ్గు అందుకుంది. తీర్థం తీర్థమంతా నవ్వింది. తూర్పు వీధి జట్టులో ఉన్నది మా అక్క మొగుడు, ధనరాజు బావ. ఆ రోజు నుంచి నన్ను చూస్తే చాలు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని "చెడుగుడు చెడు... ఖళ్, ఖళ్" అని దగ్గి చూపిస్తాడు. మా మేనకోడలి పెళ్ళిలో సాక్షాత్తూ తలంబ్రాల వేళ కూడా దగ్గి చూపించాడు. నవ్వితే సిగ్గేసిన మాట నిజమే. కానీ గీత అవతల ఊపిరి తెగినప్పుడు గుండెల్లో పడ్డ భయం ఉందే, అది సిగ్గు కంటే పెద్దది. ఈ ఏడు ఒక్కసారి నిండుగా కూత పెట్టి గీత దగ్గరికి తిరిగొస్తే ఆ భయం పోతుందని నా నమ్మకం. అందుకే కొత్త మందు మీద పరిశోధన చేస్తున్నారని తెలియగానే బయల్దేరాను.

"లిఫ్టు ఎప్పుడు బాగవుతుందయ్యా?" అని గంగరాజుని అడిగాను.

"పైనుంచి ఆర్డరు రావాలండి," అన్నాడు.

"పైనుంచంటే? రాజధాని నుంచా?"

"కాదండి, మూడో అంతస్తు నుంచండి. డైరెక్టరుగారు దిగొచ్చి లిఫ్టు చూసి సంతకం పెట్టాలండి. దిగితే మళ్ళీ ఎక్కాలి గదండీ, అందుకని దిగట్లేదండి."

"ఇంటికెళ్ళేటప్పుడు దిగరా ఏంటి?"

"దిగుతారండి. అప్పటికి ఆఫీసు టైము అయిపోద్దండి."

చేసేదేముంది, మెట్లెక్కడం మొదలుపెట్టాను. మలుపు వచ్చినప్పుడల్లా నాకు నేనే "హోల్డాన్" చెప్పుకుని కూలబడ్డాను. ఊపిరి కుదుటపడ్డాక "రైట్ రైట్" చెప్పుకుని లేచాను. పొద్దున్న గేటు తెరిచినప్పుడు మొదలుపెట్టినవాణ్ణి, పైకి చేరేసరికి డైరెక్టరుగారు భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నారు.

ఆయన పేరు డాక్టరు చక్రధరం. తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ నన్ను ఆపాదమస్తకం చూశారు.

"తమరు మెట్ల మార్గమున విచ్చేసినారా?"

తల ఊపాను.

"చూడండి. ఒక్క అంతస్తు ఎక్కుటకే ఆయాసపడువారు మాత్రమే ఈ అధ్యయనమునకు అర్హులు. తమరు మూడు అంతస్తులు అధిరోహించి ఉన్నారు. కావున తమకు వ్యాధి లేదు. అభినందనలు."

జవాబు చెబుదామంటే గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. అది కాదండీ అన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన వెళ్ళొస్తానంటున్నాననుకుని తిరిగి చెయ్యి ఊపారు.

"సార్, ఆయన ఇంకా మాట్లాడలేకపోతున్నారు," అంది పక్కనున్న అమ్మాయి. ఊపిరి కసరత్తులు చేయించే జెస్సీ మేడం ఆవిడే.

"మాట్లాడుటకు విషయము లేకపోవచ్చును," అన్నారు చక్రధరంగారు.

ఎట్టకేలకు నాకు గొంతు పెగిలింది. "అయ్యా, మెట్లెక్కలేనోళ్ళు మీ దగ్గరికి ఎలా వస్తారండీ?"

"రానివారు ఆసక్తి లేనివారుగా నమోదు అగుదురు."

"వచ్చినోళ్ళు?"

"ఆరోగ్యవంతులుగా."

"మరి రోగులెవరండీ?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మొదటిసారి మనిషిలా మాట్లాడారు. "అదే నాకూ అర్థం కావడం లేదయ్యా. కేంద్రం పెట్టి ఇంతకాలమైంది. జిల్లా మొత్తానికి ఒక్క రోగి దొరికితే ఒట్టు. వ్యాధి నిర్మూలన అయిపోయినట్టు నివేదిక రాద్దామా అని చూస్తున్నాను."

"సార్, నేను వచ్చేటప్పుడు చూశాను, ఈయన గేటు తెరిచినప్పుడే ఎక్కడం మొదలుపెట్టారు. మీ భోజనం అయ్యాక వచ్చారు," అంది జెస్సీ మేడం. "ఆరోగ్యవంతులు అంతసేపు ఎక్కుతారా?"

చక్రధరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. మర్నాటి నుంచి కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. డైరెక్టరుగారి భోజనానికి ముందు పైకి చేరినవారు ఆరోగ్యవంతులు, తర్వాత చేరినవారు రోగులు. సరిగ్గా భోంచేస్తుండగా చేరినవారి విషయం పరిశీలనలో ఉంది.

ఆ దెబ్బతో కేంద్రానికి కళ వచ్చింది. మూడు వీధుల అవతల నుంచి కూడా ఆయాసగాళ్ళు వచ్చి చేరారు. వాళ్ళలో మట్టా నూకరత్నమని ఒకావిడ. బస్టాండు వెనక రంపపుపొట్టు పొయ్యి మీద ఇడ్లీలు వండి పిల్లల్ని పెంచిన మనిషి. నోరు పెద్దది, ఊపిరి చిన్నది. సగం తిట్టు నోట్లోంచి వచ్చాక మిగతా సగానికి గాలి చాలక చేత్తో చూపించేది.

పరిశోధన పద్ధతేమిటంటే, మాలో సగం మందికి పీల్చే గొట్టంలో కొత్త మందు పెట్టి ఇస్తారు. మిగతా సగానికి అచ్చం అలాంటి గొట్టమే ఇస్తారుగానీ అందులో ఉండేది ఉత్త గాలి. ఎవరిది ఏదో మాకు తెలియకూడదు, ఇచ్చేవాళ్ళకూ తెలియకూడదు. చక్రధరంగారికి కూడా ఏమీ తెలియదని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. గొట్టం ఇంటికిస్తే జనం సరిగ్గా పీల్చరని వాళ్ళ అనుమానం. అందువల్ల రోజూ మూడో అంతస్తుకి వచ్చి, అధికారి ఎదుట పీల్చి, దిగి వెళ్ళాలి. ఆదివారం కూడా.

అలా మా మెట్ల సంసారం మొదలైంది. జెస్సీ మేడం రోజూ కిందికి దిగొచ్చి మాతో పాటు ఎక్కేది.

"ముక్కుతో మెల్లగా పీల్చండి. మల్లెపువ్వు వాసన చూసినట్టు. ఇప్పుడు పెదాలు సున్నా చుట్టి మెల్లగా వదలండి."

"పొయ్యి ఊదినట్టామ్మా?" అంది నూకరత్నం.

"ఆఁ, అలాగే."

"వద్దు తల్లోయ్. ఆ పొయ్యి ఊదే ఇలాగయ్యేను. ఇంకోటేదన్నా చెప్పు."

"పోనీ, వేడి పాయసం చల్లార్చినట్టు ఊదండి."

"ఇదేదో బాగుంది. జీడిపప్పేసిందేనా?" అని నూకరత్నం ఊదింది. అందరం ఊదాం. అన్ని నోళ్ళు ఒకేసారి ఊదుతుంటే గంగరాజు కింద నుంచి లిఫ్టు గాని బాగైందేమోనని లేచి చూశాడు.

మలుపుల దగ్గర మా మకాములు కుదిరాయి. మొదటి మలుపులో ఊరి సంగతులు, రెండో మలుపులో కోడళ్ళ సంగతులు, ఆఖరి మలుపులో నూకరత్నం తెచ్చిన ఇడ్లీలు. ఓ రోజు ఎవరో చాటుగా బీడీ ముట్టించబోతే ఆవిడ దాన్ని లాక్కుని నలిపి పారేసింది. ఈసారి తిట్టు పూర్తిగా వచ్చింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

వారాలు గడిచే కొద్దీ ఓ చిక్కు వచ్చిపడింది. మేం తొందరగా పైకి చేరిపోతున్నాం. భోజనానికి ముందు కనబడితే ఆరోగ్యవంతులని పేరు కొట్టేస్తారు, మందు ఆగిపోతుంది. అందుకని ఆఖరి మలుపులో నక్కి కూర్చుని, చక్రధరంగారి క్యారేజీ లోంచి సాంబారు వాసన వచ్చి, పోయి, చెయ్యి కడిగిన చప్పుడు వినబడ్డాక, అప్పుడు రొప్పుతూ లోపలికి వెళ్ళేవాళ్ళం. నూకరత్నం గోడ పట్టుకుని మరీ రొప్పేది. అంత బాగా నటించడానికి ఎంత ఊపిరి కావాలో నాకు తెలుసు.

నేను ఇంటి దగ్గర పెరట్లో కూత సాధన చేశాను. మొదట్లో బాదం చెట్టు దాకా వచ్చేది. తర్వాత నూతి దాకా. ఓ రోజు పెరడు చుట్టూ తిరిగొచ్చినా తెగలేదు. మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి, "ఏంటండీ, చిన్నపిల్లాడిలాగ," అని కసిరి, మొహం తిప్పుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది.

మధ్యంతర ఫలితాలు లెక్కగట్టే రోజు వచ్చింది. ఎవరిది మందో ఎవరిది గాలో అప్పుడు విప్పి చూశారు. నూకరత్నానిది మందు. నాది ఉత్త గాలి. ఊపిరి బలం కొలవడానికి ఊదించే మిషను లెక్క ప్రకారం ఇద్దరం దాదాపు ఒక్కలాగే బాగుపడ్డాం. మందు పీల్చినవాళ్ళు కాస్త ఎక్కువ, గాలి పీల్చినవాళ్ళు కాస్త తక్కువ, అంతే. అందరూ బాగుపడ్డారు.

చక్రధరంగారు బిగుసుకుపోయారు. తర్వాత ఆయన మొహం వికసించింది. "అనగా ఉత్త గాలి కూడా శక్తివంతమైన ఔషధమే! దుష్ఫలితములు లేవు, నిల్వచేయుట సులభము. ఏ కంపెనీ గాలి ఇది?"

ఆఫీసు గుమాస్తా కంపెనీ పేరు కోసం గొట్టాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇదే గాలి నిరంతరాయముగా సరఫరా చేయవలసినదిగా ఆ కంపెనీకి వ్రాయండి," అన్నారు.

నాకు అనుమానం వచ్చింది. ఉండబట్టలేక అడిగేశాను. "అయ్యా, నాదొక మాటండి. ఇది గాలి మహిమ కాదేమోనండి. రోజూ మెట్లెక్కుతున్నాం గదండీ."

"మెట్లు మందు కాదు."

"కాదనుకోండి, కానీ..."

"మెట్లకు ఆమోదము ఉన్నదా? ఏ శాస్త్ర విధానములోనైనా ముందు జంతువుల మీద ప్రయోగము జరగవలెను. మెట్లను ఎలుకల మీద పరీక్షించినారా?"

"ఆ మెట్ల మీద ఎలకలకేం తక్కువండీ," అంది నూకరత్నం. "ఒక్కోటి పందికొక్కంత ఉంది. రొప్పగా నేనెప్పుడూ చూళ్ళేదు."

"సార్, అబ్బులుగారు చెప్పింది ఆలోచించాల్సిందే," అంది జెస్సీ మేడం. "మందు మందే, నడక నడకే. ఈ జబ్బుకి రెండూ కావాలి. నేను మొదటి నుంచి రాస్తూనే ఉన్నాను."

"తమ సూచన సంబంధిత అధికారుల పరిశీలనలో ఉన్నది," అన్నారు చక్రధరంగారు. సంబంధిత అధికారి ఆయనే.

ఫలితాలు చూసి రాజధానిలోని పరిశోధనా మండలి అధ్యక్షులు సర్వోత్తమరావుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారట. ఇంత గొప్ప కేంద్రంలో రోగులు మెట్లెక్కడం నాగరికతకే మచ్చ అని ఉత్తరం రాశారు. దాంతో ఇంతకాలం రాని ఆర్డరు రెక్కలు కట్టుకుని వచ్చింది. లిఫ్టుకి రంగు వేశారు, లోపల అద్దం పెట్టారు, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. గంగరాజుకి యూనిఫారం వచ్చింది. ఇకపై రోగులు లిఫ్టులో మాత్రమే రావలెనని, వారి సౌకర్యార్థం మెట్ల గేటుకి తాళం వేయడమైనదని నోటీసు అంటించారు. తాళంచెవి చక్రధరంగారి జేబులోకి వెళ్ళింది.

మొదటి రోజు మాకూ సరదాగానే ఉంది. నిజం చెప్పొద్దూ, నేనే ముందు ఎక్కి "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అందర్నీ సర్దాను. బటను నొక్కగానే పైకి చేరిపోయాం. పొద్దున్నే పీల్చేసి పొద్దున్నే దిగిపోయాం. లిఫ్టులో వచ్చినవారికి భోజనం నిబంధన వర్తించదని ఇంకో నోటీసు వచ్చింది.

కానీ కబుర్లు పోయాయి. ఇడ్లీలు పోయాయి. పాయసం ఊదడం పోయింది, ఎందుకంటే లిఫ్టులో అంత సేపు ఎవరుంటారు? కొన్నాళ్ళకి నూకరత్నం తిట్లు మళ్ళీ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. నా కూత నూతి దగ్గరికి వచ్చింది, అక్కడి నుంచి బాదం చెట్టు దగ్గరికి వచ్చింది. ఆ రోజు చెట్టు పట్టుకుని నిలబడిపోయాను. తీర్థం దగ్గర పడుతోంది. బావ మా గుమ్మం ముందు నుంచి వెళ్తూ ఓసారి దగ్గి వెళ్ళాడు. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

ఊదే మిషను కూడా అదే మాట చెప్పింది. అందరం దిగజారిపోయాం. కమిటీ అత్యవసరంగా కూర్చుంది.

"మందు శక్తి తగ్గినది," అని ప్రకటించారు చక్రధరంగారు. "మోతాదు రెట్టింపు చేయుటకు అనుమతి కోరుచున్నాము."

"ఉత్త గాలివాళ్ళకండీ?" అన్నాను.

"నిష్పక్షపాతముగా వ్యవహరించవలెను. గాలి కూడా రెట్టింపే."

అలా నేను పూటకి రెండుసార్లు ఉత్త గాలి పీల్చే యోగ్యత సంపాదించాను.

జెస్సీ మేడం గొంతు చించుకుని చెప్పింది. ఇంట్లో నడవమంది, వీధి చివరిదాకా వెళ్ళి రమ్మంది. మేం ఊఁ అన్నాం. ఒంటరిగా వీధిలో నడుస్తుంటే నాలుగడుగులు వేయగానే కూర్చోవాలనిపించేది. మెట్ల మీదైతే నూకరత్నం ముందు కూర్చుంటే పరువు పోతుందని ఇంకో నాలుగు ఎక్కేవాణ్ణి. మనిషి బతుకంతా ఇలాగే ఉంటుంది కాబోలు.

తీర్థానికి ఇంకా కొన్ని వారాలున్నాయనగా సర్వోత్తమరావుగారు తనిఖీకి విచ్చేశారు. పూలదండలు, బాజాలు. సిబ్బంది అంతా కింద వరుసగా నిలబడ్డారు, మమ్మల్నీ నిలబెట్టారు. అధ్యక్షులవారు భారీ మనిషి. ఆయన, చక్రధరంగారు, రాజధాని నుంచి వచ్చిన ఇంకొందరు, ఓ పెద్ద పూలగుత్తి, అందరూ లిఫ్టులోకి ఎక్కారు. పాపం, గంగరాజుకి చోటు చాల్లేదు. సెల్యూట్ కొట్టి, అలవాటైన స్టూలు మీదే కూర్చున్నాడు.

లిఫ్టు మూలుగుతూ లేచింది. మొదటి అంతస్తు దాటింది, రెండో అంతస్తు దాటింది. కీచుమని ఆగింది. ఆ తర్వాత వినబడ్డవన్నీ మనుషుల చప్పుళ్ళే.

"ఆపరేటర్! ఆపరేటర్!"

"ఇక్కడే ఉన్నానండి!" అన్నాడు గంగరాజు కింద నుంచి.

"గాలి ఆడుట లేదు!" అది అధ్యక్షులవారి గొంతు.

మెకానిక్కి ఫోను చేశారు. పక్క పట్నం నుంచి రావాలన్నాడు. పైనుంచి వచ్చే గొంతు సన్నబడుతోంది. జెస్సీ మేడం మెట్ల గేటు దగ్గరికి పరిగెత్తింది. తాళం.

"సార్, తాళంచెవి!" అని అరిచింది.

"మెట్ల వినియోగము నిషేధించబడినది," అని చక్రధరంగారి గొంతు వచ్చింది. ఎవరో ఆయన్ని లోపల ఏదో అన్నారు. వెంటనే గొంతు మారింది. "ప్రస్తుత అసాధారణ పరిస్థితుల దృష్ట్యా, తాత్కాలిక ప్రాతిపదికన..." అన్నారు. "...ఇదిగో తాళంచెవి!"

జాలీ సందులోంచి తాళంచెవి జారి లిఫ్టు గోతి అడుగున పడింది. గంగరాజు చీపురుతో దాన్ని బయటికి లాగాడు. లిఫ్టు దగ్గర ఉద్యోగంలో చేరాక ఆయన చేసిన మొదటి పని అదే అయ్యుండొచ్చు.

గేటు తెరుచుకుంది. జెస్సీ మేడం వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. "రండి. ఊపిరాడనివాళ్ళకి ధైర్యం చెప్పడం మీకంటే ఎవరికి తెలుసు?"

సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లిఖితపూర్వక అనుమతి లేదన్నారెవరో. మేం ఆగలేదు. అలవాటు తప్పిన కాళ్ళు, మొదటి మలుపుకే కూలబడ్డాం. "హోల్డాన్," అన్నాను. మల్లెపువ్వు వాసన చూశాం, పాయసం ఊదాం. "రైట్ రైట్." నూకరత్నం నా ముందు లేచింది, ఇంక నేను కూర్చోగలనా?

రెండో అంతస్తు దాటాక మెట్ల పక్కనే జాలీ లోపల లిఫ్టు కనబడింది. పూలగుత్తి నలిగి ఉంది. సర్వోత్తమరావుగారు చొక్కా గుండీలు తెంపుకుని, నోరు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటున్నారు. ఆ కళ్ళు చూడగానే నాకు పోయినేటి గీత గుర్తొచ్చింది. నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు.

"బాబూ, ఇటు చూడండి," అంది నూకరత్నం జాలీకి మొహం ఆనించి. "గాలి బోల్డంతుంది, ఎక్కడికీ పోదు. నోరు మూసి ముక్కుతో పీల్చండి. మల్లెపువ్వు. ఆఁ. ఇప్పుడు పెదాలు సున్నా చుట్టండి. పాయసం. జీడిపప్పేసింది. ఊదండి, మెల్లగా."

అధ్యక్షులవారు ఊదారు. పక్కన చక్రధరంగారు కూడా ఊదారు. రాజధాని బృందమంతా ఊదింది. కాసేపటికి ఆ మహామనిషి కళ్ళు కుదుటపడ్డాయి.

"అమ్మా, మీరు... మీరు సిబ్బందా?" అన్నారు.

"కాదు బాబూ, రోగిని."

"రోగులు ఇన్ని మెట్లు ఎలా ఎక్కారు?"

చక్రధరంగారు పైకప్పు కేసి చూశారు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెట్లు, మలుపులు, ఇడ్లీలు, సాంబారు వాసన, లిఫ్టు వచ్చాక బాదం చెట్టు. దాచలేదు. మెకానిక్ వచ్చేదాకా వాళ్ళకి వేరే పనేముంది, విన్నారు. మధ్యలో జాలీ సందులోంచి నూకరత్నం తను తినడానికి తెచ్చుకున్న ఇడ్లీలు ముక్కలు చేసి అందించింది.

"చక్రధరంగారూ," అన్నారు సర్వోత్తమరావుగారు ఇడ్లీ నములుతూ, "మెట్లను ఎందుకు అధ్యయనంలో చేర్చలేదు?"

చక్రధరంగారు నిటారుగా నిలబడ్డారు. లిఫ్టులో ఇరుక్కున్నా మనిషి తెలివి ఇరుక్కోలేదు. "చేర్చి ఉన్నాము సార్. లిఫ్టును దీర్ఘకాలము మరమ్మతులో ఉంచుట ఆ ఉద్దేశముతోనే."

వారంలో ఉత్తర్వు వచ్చింది. లిఫ్టు మీద విచారణ పూర్తయ్యేదాకా దానికి సీలు వేశారు. విచారణాధికారి గది మూడో అంతస్తులో ఉంది గనక అది ఇప్పట్లో తేలదు. మెట్లెక్కడానికి 'చక్రధర అధిరోహణ విధానము' అని పేరు పెట్టి, ప్రతి మలుపులోనూ ఆయన ఫోటో తగిలించారు. ఫోటోల కింద బల్లలు వేశారు, అందుకు మేం ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాం. గంగరాజు మెట్ల పర్యవేక్షకుడయ్యాడు. స్టూలు అదే. జెస్సీ మేడానికి ప్రశంసాపత్రం రాలేదుగానీ, ఆవిడ పట్టుబట్టి ఉత్త గాలివాళ్ళందరికీ అసలు మందు ఇప్పించింది. గాలి కంపెనీ జవాబు కోసం ఆఫీసు వాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు.

ఇక తీర్థం.

నేను మొలకు తువ్వాలు బిగించి గీత దగ్గర నిలబడ్డాను. అరుగు మీద మా ఆవిడ, పక్కన నూకరత్నం, ఆ పక్కన జెస్సీ మేడం. అటువైపు ధనరాజు బావ నన్ను చూసి అప్పుడే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మల్లెపువ్వు వాసన చూసి గీత దాటాను.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

"చెడు... ఖళ్, ఖళ్," అన్నాడు బావ. జనం నవ్వారు.

నేను ఆగలేదు. కూత ఆగలేదు. బావ ఇంకోసారి దగ్గి చూపించబోయాడు. ఈసారి ఆ దగ్గు ఆగలేదు. మనిషి వంగిపోయాడు. నేను వెళ్ళి వాడి భుజం తట్టాను, ఇద్దరు ముసలాళ్ళు నన్ను పట్టుకోబోతే తప్పించుకున్నాను, తిరిగి గీత మీద కాలు పెట్టాను. కాలు పెట్టాక కూడా కూత ఉంది. ఆపాలనిపించక ఇంకాసేపు పెట్టాను. పడమటి వీధి అరుగులన్నీ లేచి ఈలలు వేశాయి. మా ఆవిడ ఈసారి మొహం తిప్పుకోలేదు, అందరి ముందే ఏడ్చింది. నాకూ అదే పనైంది.

బావ అక్కడే చతికిలబడి ఉన్నాడు. వెళ్ళి చూద్దును కదా, ఆ కళ్ళల్లో నాకు తెలిసిన భయమే ఉంది.

"ఒరే అబ్బులూ," అన్నాడు రొప్పుతూ. "ఇది... ఎన్నాళ్ళుగానో ఉందిరా. మీ అక్కకి చెప్పకు."

మర్నాడు పొద్దున్నే వాణ్ణి తీసుకుని కేంద్రానికి వెళ్ళాను. గంగరాజు స్టూలు మీద నుంచి సెల్యూట్ కొట్టాడు. బావ మెట్లు చూశాడు, నన్ను చూశాడు. నా ముందు తగ్గడం ఇష్టం లేక పంచె ఎగ్గట్టి గబగబా ఎక్కడం మొదలుపెట్టాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"బావా, మెల్లగా. భోజనం లోపు పైకి చేరావంటే ఆరోగ్యవంతుడివని పంపించేస్తారు."

మొదటి మలుపుకే వాడి పని అయిపోయింది. చక్రధరంగారి ఫోటో కింద బల్ల మీద కూలబడ్డాడు. నూకరత్నం జరిగి చోటిచ్చి, ఇడ్లీ గిన్నె వాడి ఒళ్ళో పెట్టి, కొత్త మొహం దొరికిన సంతోషంతో మలుపుల వరస మరిచి కోడలి సంగతి మొదటి నుంచి అందుకుంది.

"పైన... మందిస్తారట్రా?" అన్నాడు బావ, ఊపిరి కూడదీసుకుని.

"ఇస్తారు బావా. సగం పైనిస్తారు, సగం దారిలో ఇస్తారు. పెదాలు సున్నా చుట్టు."

బావ పెదాలు సున్నా చుట్టి, నా మొహం చూసి నవ్వాపుకోలేక, మళ్ళీ చుట్టి ఊదాడు. వాడి రొప్పు తగ్గేదాకా ఆగి లేచాను.

"రైట్ రైట్," అన్నాను.